సాయం సర్కారుదా, ఊరిదా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

వరదొచ్చినా, కార్తీకమాసం వచ్చినా, పింఛన్ల జాబితాలో ఎవరి పేరైనా పోయినా మా సేవా సంఘానికి వచ్చే ఫోన్లలో అవే అనుమానాలు. కువైట్ నుంచి, హైదరాబాద్ నుంచి చేసేవాళ్ళు ఒకలా అడుగుతారు, పక్క వీధివాళ్ళు ఇంకోలా అడుగుతారు. అందుకని అన్నీ ఒకచోట రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. పథకాల మొత్తాలూ నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు మీ గ్రామ సచివాలయంలో ఒకసారి కనుక్కోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

ప్రభుత్వం ఇన్ని పథకాలు ఇస్తోంది కదండీ, మళ్ళీ మనం చందాలెందుకు?

పథకం మనిషి దగ్గరికి రావాలంటే ముందు ఆ మనిషి కాగితం మీద ఉండాలి. రైస్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా సొమ్ము ఆగిపోతుంది. భర్త పోయిన ఆవిడకి మరణ ధ్రువపత్రం చేతికొచ్చే లోపు, వేరు కాపురం పెట్టినవాళ్ళకి కొత్త కార్డు వచ్చే లోపు, ఆపరేషన్‌కి అనుమతి వచ్చే లోపు పొయ్యి వెలగాల్సిన రోజులు చాలానే ఉంటాయి. ఊరి సాయం అవసరమయ్యేది అక్కడ.

అసలు కాగితం మీదే లేనివాళ్ళు ఇంకొందరు. కోతలకని వేరే జిల్లా నుంచి వచ్చి ఏటిగట్టు మీద పాక వేసుకున్న కుటుంబం, గల్ఫ్‌లో ఇంటిపనికెళ్ళి జబ్బుతో తిరిగొచ్చి కార్డులో పేరు లేకుండా పుట్టింట్లో ఉంటున్న ఆడమనిషి. వీళ్ళు సచివాలయం కంప్యూటర్‌కి కనపడరు, పక్కింటివాళ్ళకి కనపడతారు.

అలాగైతే ప్రభుత్వం తప్పుకుని అంతా దాతలకే వదిలేస్తే సరిపోదా? పన్నులైనా తగ్గుతాయి.

సరిపోదు. ఒక చిన్న లెక్క వెయ్యండి. మీ ఊళ్ళో 300 పింఛన్లున్నాయనుకుందాం. తలా 4,000 రూపాయల చొప్పున నెలకి 12 లక్షలు, ఏడాదికి కోటీ 44 లక్షలు. ఎంత గొప్ప జాతర కమిటీ అయినా అంత సొమ్ము ఒక్క ఏడు పోగుచేస్తుందేమో గాని, ప్రతి నెలా ఒకటో తారీఖున తెచ్చి చేతిలో పెట్టలేదు. ఈ పింఛనే 2014లో 200 నుంచి వెయ్యికి పెరిగింది, 2024 జూలై నుంచి 4,000 అయింది.

డెల్టాలో ఇంకో చిక్కుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే పంట మీద బతుకుతారు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకూలినప్పుడు తోట యజమానీ దెబ్బతిన్నాడు, చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడూ దెబ్బతిన్నాడు. 2025లో అమెరికా సుంకాలు పెంచేసరికి రొయ్యల రైతుకి టెన్షన్, చెరువు కాపలావాడి జీతానికీ టెన్షన్. అంటే సాయం బాగా కావలసిన ఏడాదే చందా తక్కువ పడుతుంది. వేరే ప్రాంతం నుంచి సొమ్ము తెచ్చి ఇక్కడ పెట్టగలిగేది ప్రభుత్వం ఒక్కటే.

డొక్కా సీతమ్మ గారి రోజుల్లో ఏ పథకాలున్నాయి? అప్పుడు జనం బతకలేదా?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని కార్తీకం లేదు. సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కాలం చేసేదాకా వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వచ్చినవాళ్ళకి వండి పెట్టారు. ఏరు దాటి వచ్చే బాటసారికి ఆ ఇల్లు ఎంత పెద్ద దిక్కో ఊహించుకోవచ్చు. ఆవిడ గొప్పతనంలో పేచీ లేదు.

కాని ఆవిడ పుట్టడానికి కొన్నేళ్ళ ముందు, 1832-33 కరువులో ఇదే గోదావరి పక్కన జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడూ ఊళ్ళలో దాతలున్నారు, సత్రాలున్నాయి. నది నిండా నీళ్ళుండీ పొలానికి చుక్క రాకపోతే ఏ దాత గాదె అయినా ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. సర్కారు ఖజానా డబ్బుతో కట్టిన పని అది. కోనసీమకి కాలువ నీళ్ళొచ్చిన తరం సీతమ్మ గారిది. ఆవిడ చెయ్యి పెద్దదే, ఆ చేతికి ధాన్యం అందించిన కాలువ కూడా పెద్దదే. ఇప్పుడు సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. దానికి డబ్బు బడ్జెట్‌లోంచి వస్తుంది.

దానం చేస్తే పుణ్యానికి, పథకం ఇస్తే ఓటుకి. రెండూ ఒకటెలా అవుతాయి?

పథకానికి నాయకుడి పేరు పెట్టుకోవడం చూస్తే "అత్త సొమ్ము అల్లుడు దానం" అనే మాట గుర్తుకు రావడం సహజమే. అలాగని దాతలు పేరు అడగరా? ఊరి ఆర్చీల మీద, గుళ్ళో ఫ్యాన్ల రెక్కల మీద ఎవరి పేర్లున్నాయో చూడండి. ఫ్యాను తిరిగేటప్పుడు ఆ పేరు కనపడదు, అది వేరే సంగతి.

ఇచ్చేవాడి మనసులో ఏముందో పక్కన పెట్టి, పుచ్చుకునేవాడి చేతిలో ఏముందో చూద్దాం. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం ఎన్నికల హామీగా వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు బడి పిల్లలకి వండిన అన్నం పెట్టి తీరాలని చెప్పింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక నెలకి మనిషికి ఐదు కిలోల తిండిగింజలు హక్కయ్యాయి. హక్కు అయితే రాకపోయినప్పుడు ఎందుకు రాలేదని నిలదీయొచ్చు. దాతని ఎవరూ నిలదీయలేరు, నిలదీయకూడదు కూడా.

ఉచితాలిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు. ఊడ్పులకి మనిషి దొరకట్లేదు. ఇది నిజం కాదా?

మనిషి దొరకట్లేదన్నది నిజం. కారణం ఉచిత బియ్యం అన్నది నిలబడే మాట కాదు. నలుగురున్న ఇంటికి నెలకి 20 కిలోల బియ్యం వస్తుంది. పప్పు, నూనె, ఫీజులు, మందులు, పెళ్ళిళ్ళలో చదివింపులు, వీటన్నిటికీ పనికెళ్ళక తప్పదు. 4,000 పింఛను వచ్చేది ఎక్కువగా ముసలివాళ్ళకి, భర్త లేనివాళ్ళకి. వాళ్ళని ఊడ్పులకి రమ్మంటారా?

పనివాళ్ళు వెళ్ళింది గల్ఫ్‌కి, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకి, రొయ్యల షెడ్లకి. దింపు కార్మికుడి కొడుకు చెట్టెక్కనంటున్నాడంటే వాళ్ళ నాన్న నడుము విరగడం కళ్ళారా చూశాడు కాబట్టి. ఒక్క తేడా మాత్రం బియ్యం వల్లే వచ్చింది. ఇంట్లో గింజలుంటే కూలి మనిషి ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకుని తక్కువ కూలికి ఒప్పుకోనక్కర్లేదు. అసలు ఫిర్యాదు దాని మీదేనని మా అభిప్రాయం. ఆసాములకి ఖర్చు పెరిగిన మాట వాస్తవమే, దానికి మందు గిట్టుబాటు ధరలో వెతకాలి.

## పథకం కోసం తిరిగేటప్పుడు

మా అబ్బాయికి హైదరాబాద్‌లో కారుందని ఇక్కడ నా పింఛను ఆపేశారు. వాడు నాకు రూపాయి పంపడు. ఏం చెయ్యాలి?

కంప్యూటర్‌లో మీరూ మీ అబ్బాయీ ఒకే కుటుంబంగా ఉండి ఉంటారు. దీన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటున్నారు. అర్హతకి సాధారణంగా చూసేవి ఇవి: నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 లోపు ఉండటం, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకపోవడం, నెలకి 300 యూనిట్ల లోపు కరెంటు, కుటుంబంలో సర్కారు ఉద్యోగి గాని, ఆదాయపన్ను కట్టేవాళ్ళు గాని లేకపోవడం, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా సొంత కారు లేకపోవడం. అబ్బాయికి పెళ్ళై వేరే కాపురం ఉంటే కార్డు విడగొట్టమని దరఖాస్తు పెట్టండి. కరెంటు విషయంలో ఇంకో తిరకాసు జరుగుతుంటుంది. ఇంటి ఓనరు మీటరుకి అద్దెకున్నవాళ్ళ ఆధార్ ఎక్కేస్తుంది, ఏసీ బిల్లు పూరింటావిడ ఖాతాలో కనపడుతుంది. విద్యుత్ శాఖలో ఆ లింకు తీయించుకోవాలి.

కారున్న కొడుకు అమ్మని చూడకపోతే పథకం దాన్ని సరిచెయ్యలేదు. ఊరి పెద్దలు ఒక ఫోన్ చేస్తే ఒక్కోసారి సరవుతుంది. ఇదీ ఊరి సాయమే.

మామ్మకి వేలిముద్ర పడట్లేదు. మిషను ఎర్రలైటే చూపిస్తోంది.

కొబ్బరి పీచు పరిశ్రమలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆడవాళ్ళకి, ఊడ్పులూ కలుపూ చేసినవాళ్ళకి ఇది మామూలే. వేళ్ళ చివర్లు అరిగిపోయి నున్నగా ఉంటాయి. చెయ్యి కడిగి, తుడిచి, పది వేళ్ళూ ఒక్కొక్కటే ప్రయత్నించమనండి. చాలాసార్లు బొటనవేలు పడకపోయినా ఉంగరపు వేలు పడుతుంది. అప్పటికీ కాకపోతే కంటిపాపతో, ముఖం గుర్తింపుతో తీసుకునే వీలుంటుంది, అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించడం ఇంకో దారి. పింఛను ఒక నెలో, వరుసగా రెండు నెలలో తీసుకోలేకపోతే మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు, గాబరాపడక్కర్లేదు.

పింఛను తీసుకుంటున్న మా ఆయన పోయారు. నాకెప్పుడొస్తుంది?

మరణ ధ్రువపత్రం ఇస్తే వితంతు పింఛను ఆ తర్వాతి నెల నుంచే మొదలయ్యే ఏర్పాటు 2024 నవంబరు నుంచి ఉంది. ఆలస్యం జరిగేది ఎక్కువగా ఆ పత్రం దగ్గరే. కర్మకాండలయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఇంట్లో ఎవరో ఒకరు పంచాయతీలో మరణం నమోదు చేయించాలి.

ఎప్పుడెళ్ళినా "పైన అప్రూవల్ కాలేదమ్మా" అంటున్నారు. పైన అంటే ఎవరండీ?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. "పైన" అంటే మండలం కావచ్చు, జిల్లా కావచ్చు, ఒక్కోసారి కంప్యూటర్ కూడా కావచ్చు. ముందు దరఖాస్తు నంబరు తీసుకోండి. ఏ అధికారి లాగిన్‌లో ఆగిందో, ఏ కారణంతో ఆగిందో ఆ నంబరుతో తెలుస్తుంది. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోన్ చెయ్యాలంటే 1100, రేషన్ గొడవైతే 1967. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

దాతలు గమనించాల్సింది ఇక్కడే. నది మధ్య లంక ఊరి నుంచి కలెక్టరేట్ ఉన్న అమలాపురం వచ్చి వెళ్ళాలంటే పంటో (ఏరు దాటించే పడవ), ఆటోనో, బస్సో ఎక్కాలి, ఒక రోజు కూలి పోతుంది. రెండుసార్లు తిరిగాక చాలామంది వదిలేస్తారు. ఆ దారి ఖర్చులూ కూలీ ఇచ్చి, చదువొచ్చిన కుర్రాణ్ణి తోడు పంపితే నెలనెలా 4,000 వచ్చే దారి తెరుచుకుంటుంది. మేం పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే గిట్టుబాటైనది లేదు. కాకపోతే దీనికి బ్యానర్ కట్టలేం, అందుకే దాతలు తక్కువ.

కౌలు రైతుకి ఏమీ రాదా?

రావడానికి సాగు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకి ఇచ్చే ఆ పత్రానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని భయం. పోదు, అది సాగుకి మాత్రమే, యాజమాన్యానికి సంబంధం లేదు. డెల్టాలో పొలం దున్నేవాళ్ళలో చాలామంది కౌలుదార్లే కాబట్టి ఈ ఒక్క సంతకం లేక పంటనష్టం సాయం, బ్యాంకు అప్పు చేజారుతున్నాయి. కార్తీకంలో వెయ్యిమందికి భోజనం పెట్టే ఆసామి తన కౌలుదారుకి సంతకం పెట్టడానికి వెనకాడటం మేం చూస్తూనే ఉంటాం.

## ఆపద వచ్చిన రోజున

వరదల్లో లంకలవాళ్ళకి ఏం పంపమంటారు? పులిహోర ప్యాకెట్లు చేయిస్తున్నాం.

మొదటి పూటకి పులిహోర బాగానే ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే అందరూ పులిహోరే పంపుతారు. మధ్యాహ్నం గట్టు దగ్గరికి చేరిన ప్యాకెట్లు పడవ దొరికి లంకకి వెళ్ళేసరికి చీకటి పడుతుంది, అప్పటికి జిగురొస్తాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. అంత నీటిలో పడవ ఒక్కసారి వెళ్ళి రావడమే గొప్ప.

కాబట్టి పడవలో చోటుని బట్టి ఆలోచించండి. తాగునీళ్ళ క్యాన్లు, పసిపిల్లలకి పాలపొడి, టార్పాలిన్లు, టార్చిలైట్లు, అగ్గిపెట్టెలు, శానిటరీ ప్యాడ్లు, బీపీ షుగర్ మాత్రలు. పశువులకి గడ్డి మర్చిపోకండి. గేదెని వదిలి రాలేకే చాలామంది మేడ మీదో గట్టు మీదో ఉండిపోతారు. ఎండుగడ్డి కట్టలు పంపితే మనుషుల్ని కూడా ఒప్పించి బయటికి తేవొచ్చు.

వరదకి ప్రభుత్వం బియ్యం, డబ్బులు ఇస్తుంది కదా. మేమూ ఇస్తే రెండుసార్లు ఇచ్చినట్టు కాదా?

కాదు. 2022లో కుటుంబానికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంపలతో పాటు 2,000 రూపాయలిచ్చారు. అది తిండికి సరిపోయింది. నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు మిగులుతుంది. పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు, పరుపులు, కుట్టు మిషను, ఇవేవీ ప్రభుత్వ జాబితాలో ఉండవు. వరద తగ్గిన రెండో వారంలో ఇచ్చే సాయం చాలా తక్కువ, చాలా అవసరం. అప్పటికి కెమెరాలు వెళ్ళిపోయి ఉంటాయి.

ఆరోగ్యశ్రీ ఉండగా ఆపరేషన్‌కి చందా అడుగుతున్నారు. నమ్మొచ్చా?

అడిగి చూసుకోవడం మంచిదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం జాబితాలో ఉన్న చికిత్సలకి, నమోదైన ఆసుపత్రుల్లో వర్తిస్తుంది. ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి ఈ జబ్బు జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. జాబితాలో లేక సొంత డబ్బు పెట్టుకుంటే ముఖ్యమంత్రి సహాయనిధికి బిల్లులతో దరఖాస్తు పెట్టొచ్చు.

చందా నిజంగా కావలసింది ఆపరేషన్ చుట్టూ ఉండే ఖర్చులకి. అమలాపురం పక్క ఊరి నుంచి ఎదుర్లంక వారధి మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి రానూపోనూ చార్జీలు, తోడున్న మనిషి భోజనం, పోయిన కూలి. పథకంలో వీటికి చోటు తక్కువ. మొత్తం ఒకేసారి చేతికివ్వకుండా వారం వారం ఇవ్వండి.

వేట నిషేధంలో మత్స్యకారులకి 20,000 వస్తున్నాయి కదా, వాళ్ళకి సాయం అక్కర్లేదేమో?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట ఆపినందుకు ఆ భృతి. 2025లో దాన్ని 10,000 నుంచి 20,000కి పెంచారు. అది నమోదైన పడవల మీద వెళ్ళేవాళ్ళకి. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మేవాళ్ళు ఆ జాబితాలో ఉండరు, వాళ్ళ పనీ ఆగిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సాయం చేసేవాళ్ళు వీళ్ళ గురించి అడగండి.

## చందా పోగుచేసి ఖర్చుపెట్టేటప్పుడు

మా కులంలో పేదలకి మేం ఇచ్చుకుంటాం. తప్పేముంది?

తప్పని అనం. కుల సంఘాల హాస్టళ్ళలో ఉండి చదువుకుని పైకొచ్చినవాళ్ళు డెల్టా నిండా ఉన్నారు. అయితే భూమి ఉన్న కులానికే చందా ఇచ్చే స్తోమత కూడా ఉంటుంది. ప్రతి కులం తనవాళ్ళనే చూసుకుంటే డబ్బున్న కులంలోని పేదకి ఎక్కువ, డబ్బులేని కులంలోని పేదకి తక్కువ దొరుకుతుంది. అవసరాన్ని బట్టి చూస్తే ఇది తలకిందుల లెక్క.

ఊరికీ దళితుల పేటకీ మధ్య ఒక పంట కాలువే ఉంటుంది. వినాయక చవితి అన్నదానం టోకెన్లు ఆ వంతెన ఎన్నిసార్లు దాటాయో మీ కమిటీలో ఒకసారి అడగండి. టోకెన్లు వెళ్ళినా విస్తరి ఎక్కడ వేశారో కూడా అడగండి. పేటలో వాళ్ళ సాయం వాళ్ళకుంది. చర్చిలో ఆడవాళ్ళు వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి దాచి ఇస్తారు, జబ్బుపడ్డ ఇంటికి అవే వెళ్తాయి. ఎన్ని లోపాలున్నా రేషన్ జాబితాలో ఊరూ పేటా ఒకే వరసలో ఉంటాయి. ఈ ఒక్క విషయంలో సర్కారు మన కంటే మెరుగు.

నేను అమెరికాలో ఉంటాను. మా ఊరి సంఘానికి నేరుగా డబ్బు పంపొచ్చా?

మీ దగ్గర ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే విదేశీ విరాళమే. సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకుంటే కేసవుతుంది. "మా బాబాయి ఖాతాకి పంపి ఇప్పిస్తాలెండి" అనే ఉపాయం వద్దు, బాబాయి ఇబ్బందిపడతాడు.

సంఘం రిజిస్టర్ చెయ్యాలా? పన్ను మినహాయింపు వస్తుందా?

ఏడుగురుంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. పన్ను మినహాయింపుకి ఆదాయపన్ను శాఖ అనుమతి విడిగా కావాలి. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలే రాదు.

అన్నదానం కంటే గొప్ప దానం ఏముంది? చదువుకీ మందులకీ ఎందుకివ్వమంటున్నారు?

అన్నం పెట్టొద్దని ఎవరూ అనట్లేదు. ఏ నెలలో పెడుతున్నామన్నది చూడండి. కార్తీకంలో, షష్ఠికి, దసరాకి ఊరూరా భోజనాలే. ఒక్కోరోజు మూడు చోట్ల పిలుపుంటుంది. సార్వా (వానాకాలం పంట) ఊడ్పులయ్యాక కోతల దాకా కూలి పని పలచబడే నెలల్లో, దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మండు వేసవిలో పిలుపే ఉండదు. వేసవిలో బడి సెలవులు కాబట్టి పిల్లలకి మధ్యాహ్న భోజనం కూడా ఉండదు. అదే బడ్జెట్‌తో మే నెలలో ఒంటరి ముసలివాళ్ళకి క్యారేజీలు పంపితే అన్నదానం అన్నదానంగానే ఉంటుంది, ఆకలికీ అందుతుంది.

మా ఊళ్ళో సత్రం భూములున్నాయి. వాటి ఆదాయం పేదలకి ఎందుకు రాదు?

వెనకటివాళ్ళు అన్నదానానికని, విద్యార్థులకని మాగాణి రాసిచ్చారు. ఇప్పుడు చాలావరకు 1987 దేవాదాయ చట్టం కింద ఉన్నాయి. దస్తావేజులో నిత్యాన్నదానం అని ఉంటుంది. సత్రం గోడలు పడిపోయి ఉంటాయి. భూమి మాత్రం ఎవరో ఒకరు దున్నుతూనే ఉంటారు, పక్క చేలో ఇచ్చే కౌలుతో పోలిస్తే నామమాత్రం కడుతూ. కొన్నిచోట్ల అదీ కట్టరు. కౌలు బహిరంగ వేలంలో ఇవ్వాలి. ఏ సర్వే నంబరు ఎవరి చేతిలో ఉంది, ఎంత కడుతున్నారు, బకాయి ఎంత అని దేవాదాయ శాఖని సమాచార హక్కు కింద అడగండి. కొత్త చందా ఎత్తేముందు తాతలిచ్చిన చందా ఎటుపోయిందో చూసుకోవడం న్యాయం. ఊళ్ళో కొందరికి కోపం వస్తుంది, సిద్ధపడండి.

సాయం చేసినప్పుడు ఫొటో తియ్యకపోతే దాతలకి ఎలా చూపించాలి?

బిల్లు ఫొటో తియ్యండి, బియ్యం బస్తాల ఫొటో తియ్యండి, ఖాతా పుస్తకం పేజీ పంపండి. బస్తా పట్టుకుని తలొంచుకుని నిలబడ్డ మనిషి ఫొటో వద్దు. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఆ ఫొటో ఎవరి ఫోన్లోనో తేలుతుంది. ముఖాలే కావాలని పట్టుబట్టే దాత ఉంటే ఆ చందా వదులుకోవడమే మేలు.

## ఇచ్చిన తర్వాత

పీ4లో మార్గదర్శిగా చేరమంటున్నారు. చేరొచ్చా?

2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పేదరిక నిర్మూలన కార్యక్రమం ఇది. పైనున్న పది శాతం మంది అట్టడుగున ఉన్న ఇరవై శాతం కుటుంబాలకి చెయ్యందించాలన్నది ఆలోచన. ఇచ్చేవాళ్ళని మార్గదర్శులు, అందుకునేవాళ్ళని బంగారు కుటుంబాలు అంటున్నారు. స్వచ్ఛందమేనని ప్రభుత్వమే చెప్పింది, కాబట్టి మొహమాటానికి చేరక్కర్లేదు.

చేరేటట్టయితే ఆ కుటుంబాన్ని వెళ్ళి కలవండి, వాళ్ళకి ఏం కావాలో వాళ్ళనే అడగండి. పిల్లాడి పాలిటెక్నిక్ ఫీజు, పాల గేదె, ఉద్యోగానికి ఒక మాటసాయం, ఏదైనా కావచ్చు. మాకున్న అనుమానం ఒక్కటే. మార్గదర్శి దొరికాడు కదా అని పథకం జాబితాలోంచి ఆ ఇంటిని జార్చెయ్యకూడదు. అలాంటిది జరిగితే మార్గదర్శే అర్జీ పెట్టాలి. అధికారులు ఆయన మాట వింటారు.

మేమిచ్చిన డబ్బుతో తాగేశాడు. ఇంకెందుకివ్వాలి?

అపాత్రదానం అని బాధపడటం సహజం. తాగేది ఒకడైతే తిండి లేనిది ఆ ఇంట్లో నలుగురికి. డబ్బు ఆవిడ ఖాతాలో వెయ్యండి, స్కూలు ఫీజు స్కూలుకే కట్టండి, కిరాణా కొట్టులో ఇంత అని చెప్పి ఉంచండి. డ్వాక్రా గ్రూపులో ఆవిడ సభ్యురాలైతే గ్రూపు లీడరుకి చెబితే చాలా సంగతులు అవే చక్కబడతాయి. డబ్బున్నవాడు తాగితే ఎవరూ అర్హత అడగరన్నది కూడా ఒకసారి ఆలోచించండి.

మాది చిన్న ఊరు, పది మందిమే ఉన్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక నోటుబుక్కు కొనండి. ఒకటో తారీఖు సాయంత్రం పింఛను అందనివాళ్ళ పేర్లు, రేషన్ ఇచ్చే రోజులు అయ్యాక బియ్యం తెచ్చుకోలేకపోయినవాళ్ళ పేర్లు రాయండి. ఊరూ పేటా రెండూ తిరగండి, గట్టు మీద పాకలు వదిలెయ్యకండి. పేరు పక్కన కారణం రాయండి: వేలిముద్ర, కార్డు, కరెంటు మీటరు, ఊళ్ళో లేరు. మొదటి నెల డబ్బేమీ ఖర్చుపెట్టకండి. రెండో నెలకి ఎవరికి తోడెళ్ళాలో, ఎవరికి బియ్యం పంపాలో ఆ పుస్తకంలోనే తేలుతుంది. చందా పుస్తకం ఆ తర్వాత అచ్చు వేయించుకోవచ్చు.